ఇరుసు నడుమ ధర్మసందేహం

ఒకే మూలం నుంచి వచ్చే బలాన్ని ఇద్దరికి పంచవలసి వచ్చినప్పుడు సరిసమానంగా పంచడమే న్యాయమా, లేక ఎవరి స్థితిని బట్టి వారికి పంచడం న్యాయమా అన్నది నీతిశాస్త్రంలోని అతి పాత ప్రశ్నలలో ఒకటి. గ్రంథాలలో దీనికి దొరికే జవాబులు మనుషులను గురించినవి కాబట్టి వాటిలో అభిమానాలు, భయాలు, స్వప్రయోజనాలు కలగలిసి ఉంటాయి. అదే ప్రశ్నను రాగద్వేషాలు లేని ఉక్కు ముక్కల మధ్య పెట్టి చూస్తే దాని అసలు ఆకారం తేటపడుతుంది. స్పోర్ట్ యుటిలిటీ వాహనాల వెనుక ఇరుసు నడుమ, నూనెలో మునిగి, కంటికి కనబడకుండా పనిచేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అందుకు అనువైన స్థలం. రెండు చక్రాల వేగాల మధ్య తేడాను పూర్తిగా అడ్డుకోకుండా, పూర్తిగా వదిలిపెట్టకుండా, ఒక హద్దు వరకే సాగనిచ్చే పంపిణీ యంత్రమని ఆ పేరుకు అర్థం. ఆ హద్దును ఏది నిర్ణయించాలి, ఎందుకు నిర్ణయించాలి అన్నదే ఇక్కడి విచారణ.

ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. దాని ఇరుసు తిరగదు. రెండు చక్రాలూ ఇరుసు కొనల మీద, చీల ఆపుదలతో, దేనికది తిరుగుతాయి. లాగే బలం ఎద్దులది గనుక చక్రానికి బలం అందించవలసిన పనే ఉండదు. మోటారు బండిలో మాత్రం చక్రమే నేలను వెనక్కి నెట్టి బండిని ముందుకు తోస్తుంది కాబట్టి ఇంజను నుంచి బయలుదేరిన తిప్పుబలం, అంటే టార్క్, రెండు చక్రాలకూ చేరాలి. పోనీ రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేద్దామంటే మలుపు దగ్గర ఇబ్బంది వస్తుంది. చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లున్న బండి పూర్తి వృత్తం తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కన్నా సుమారు 9.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది; వృత్తం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు, ఎందుకంటే అది కేవలం చక్రాల మధ్య దూరం మీద ఆధారపడినది. వీధి మలుపులో లంబకోణంగా తిరిగిన ప్రతిసారీ దాదాపు 2.4 మీటర్ల తేడాను ఎవరో ఒకరు భరించాలి, ఒకే వేగంతో తిరగక తప్పని చక్రాలు దాన్ని టైర్లను నేలకేసి రాసుకుంటూ భరిస్తాయి. (రైలు చక్రాలు ఇరుసుకు బిగించే ఉంటాయి గానీ, పట్టా మీద ఆనే భాగం శంకువులా ఏటవాలుగా ఉండటం వల్ల మలుపులో బయటి చక్రం పెద్ద చుట్టుకొలత మీద, లోపలిది చిన్న చుట్టుకొలత మీద నడిచి లెక్క సరిపోతుంది. పట్టాలు లేని దారిలో ఆ ఉపాయం సాగదు.)

ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్యోర్ 1827లో ఆవిరి బండి కోసం రూపొందించిన డిఫరెన్షియల్ ఈ చిక్కును విప్పింది. ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్టు కొసనున్న పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌కు బిగించిన గూడులో, మెకానిక్కులు స్టార్ పినియన్లనే చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. అవి కుడి ఎడమల ఇరుసు ముక్కలకు అమర్చిన రెండు సన్ గేర్ల నడుమ చిక్కి, రెండింటినీ నెడుతూనే వాటి మధ్య వేగభేదానికి చోటిస్తాయి. స్టార్ పినియన్ చేసే పని కావడి బద్ద చేసే పని వంటిదే. బద్ద మధ్యభాగం భుజం మీద ఉన్నప్పుడు రెండు కొనల మీదా ఒకే బరువుంటేనే అది నిలుస్తుంది; ఒక కొన ఎంత లేచిందో రెండో కొన అంత దిగుతుంది, భుజం మాత్రం రెండింటి సగటు ఎత్తులోనే ఉంటుంది. అదే విధంగా డిఫరెన్షియల్‌లో రెండు చక్రాలకు అందే తిప్పుబలం ఎప్పుడూ సమానం, వాటి వేగాల సగటు ఎప్పుడూ గూడు వేగానికి సమానం, విడివిడిగా ఏది ఎంత వేగంగా తిరగాలన్నది మాత్రం వాటి ఇష్టం. బలంలో సమానత్వం, వేగంలో స్వేచ్ఛ అన్న రెండు ఆదర్శాలనూ ఒకే గూడులో పెట్టిన ఈ ఏర్పాటుకు మించిన న్యాయం ఇంకేముంటుందని మొదటి చూపులో అనిపిస్తుంది.

ఆ న్యాయం బురదలో బయటపడుతుంది. ఒక చక్రం గట్టి నేల మీద ఉండి 1,000 న్యూటన్ మీటర్ల తిప్పుబలాన్ని జారకుండా తీసుకోగలదనీ, రెండోది బురదలో ఉండి 50 మాత్రమే తీసుకోగలదనీ అనుకుందాం. బురదలోని చక్రం 50 దాటగానే నేలను విడిచి ఉత్తినే గిర్రున తిరుగుతుంది. రెండు వైపులా బలం సమానంగా ఉండి తీరాలన్నది యంత్రధర్మం గనుక గట్టి నేల మీది చక్రానికీ 50 మించి అందదు. మొత్తం 100తో బండి కదలదు. ఇంజను ఎంత శక్తిమంతమైనా, గట్టి నేల ఎంత దగ్గరగా ఉన్నా ప్రయోజనం లేదు. ఒక చక్రం గూడు వేగానికి రెట్టింపు వేగంతో బురద చిమ్ముతుంటే రెండోది చలనం లేకుండా నిలబడి ఉంటుంది. బండి దిగబడిందని చెప్పుకునే సందర్భాలలో ఎక్కువ భాగం ఇవే. సమానంగా పంచడమనే నియమాన్ని అక్షరాలా పాటించినందువల్లే ఇద్దరికీ ఏమీ దక్కని స్థితి ఏర్పడుతుంది.

దీనికి ఎదురు కొసన ఉన్నది డిఫరెన్షియల్ లాక్. ఫోర్స్ సంస్థ గుర్ఖా వంటి వాహనాలలో డ్రైవరు తానే మీట నొక్కి ముందు, వెనుక డిఫరెన్షియళ్ళను బిగించవచ్చు. బిగించిన తరువాత రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగక తప్పదు, కానీ ఇప్పుడు బలం ఎవరికెంత అన్నది నేల నిర్ణయిస్తుంది: బురదలోని చక్రం తన 50, గట్టి నేల మీది చక్రం తన 1,000 తీసుకుని, మొత్తం 1,050తో బండి బయటపడుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం లాక్ వల్ల సమానత్వం పోయిందన్నది కాదు, సమానత్వం ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలిందన్నది. తెరిచిన డిఫరెన్షియల్‌లో బలం సమానం, వేగం అసమానం. బిగించిన దానిలో వేగం సమానం, బలం అసమానం. కింద నేల రెండు వైపులా ఒకేలా లేనంతవరకూ రెండింటినీ ఒకేసారి సమానం చేయడం సాధ్యం కాదు.

అమర్త్య సేన్ 1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో లేవదీసిన ప్రశ్న సరిగ్గా ఇదే. సమానత్వం కావాలా వద్దా అన్నది వివాదం కాదనీ, దేనిలో సమానత్వం అన్నదే వివాదమనీ ఆయన వాదన. మనుషులు శరీరంలో, పరిసరాలలో, అవసరాలలో ఒకరికొకరు భిన్నులు కాబట్టి ఆదాయంలో సమానత్వం తెస్తే సామర్థ్యంలో అసమానత మిగులుతుందనీ, సామర్థ్యంలో సమానత్వం కావాలంటే వనరులను అసమానంగా పంచక తప్పదనీ ఆయన తరువాతి రచనలలో విస్తరించి చెప్పారు. డిఫరెన్షియల్ ఈ వాదానికి ఉపమానం మాత్రమే కాదు, ఒక రకంగా నిరూపణ కూడా. ఎందుకంటే ఇక్కడ అది అభిప్రాయంగా కాక పళ్ళచక్రాల లెక్కగా కనిపిస్తుంది.

మరి బిగించేయడమే ఉత్తమమైతే హద్దు ఎందుకు? పొడి రోడ్డు మీద లాక్ వేసి మలుపు తిరిగితే టైర్లు అరుస్తాయి, ఇరుసు మెలితిరుగుతుంది, బండి మలుపును కాదని నేరుగా పోవాలని చూస్తుంది. ఇంకా సూక్ష్మమైన ప్రమాదం మంచు మీద ఉంటుంది. తెరిచిన డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఒక చక్రం జారినప్పుడు రెండోది నేలను అంటిపెట్టుకునే ఉండి బండి తోక పక్కకు పోకుండా కాపాడుతుంది. రెండింటినీ గట్టిగా కట్టేస్తే రెండూ ఒకేసారి పట్టు వదులుతాయి, బరువైన, ఎత్తైన ఎస్‌యూవీ వెనుక భాగం పక్కకు జారిపోతుంది. విడిగా ఉంటే ఒకరు పడితే ఇంకొకరు నిలబడతారు, కట్టి ఉంటే ఇద్దరూ పడతారు అన్న ఈ సంగతిని ఐక్యతను కీర్తించేవారు సాధారణంగా చెప్పరు.

హద్దు అవసరాన్ని మొదట బలంగా చూపినది ఎస్‌యూవీ కాదు, పందెం కారు. 1930లలో ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పన చేసిన ఆటో యూనియన్ గ్రాండ్ ప్రీ కారులో పదహారు సిలిండర్ల ఇంజను శక్తి ఎంతటిదంటే గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కూడా ఒక వెనుక చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగేది. 1935లో ఆయన జడ్ఎఫ్ సంస్థ చేత ఆ జారుడుకు హద్దు పెట్టే డిఫరెన్షియల్ చేయించారు. అమెరికాలో 1956 నాటి ప్యాకర్డ్ కార్లతో అది మామూలు కొనుగోలుదారు చేతికి వచ్చింది. అప్పటి నుంచి హద్దును నిర్ణయించే పద్ధతులు అనేకం వచ్చాయి, వాటి మధ్య తేడాలు సాంకేతికమైనవే అయినా ధర్మాన్ని గురించి వేరువేరు ఊహలను అవి మోస్తున్నాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

క్లచ్ ప్లేట్ల రకంలో సన్ గేర్ల వెనుక పలుచని ఉక్కు పళ్ళాలు ఒకటి విడిచి ఒకటి గూడుకూ ఇరుసుకూ కలిసి ఉంటాయి. స్ప్రింగులు వాటిని ముందుగానే కొంత నొక్కి ఉంచుతాయి, ఇంజను బలం పెరిగే కొద్దీ ఏటవాలు తలాల మీద జరిగే ఒరిపిడి వాటిని ఇంకా గట్టిగా నొక్కుతుంది. వెర్నన్ గ్లీజ్‌మన్‌కు 1958లో పేటెంటు దక్కిన టోర్సెన్‌లో పళ్ళాలు లేవు. టార్క్‌ను పసిగట్టేది అని దాని పేరుకు అర్థం. పురి తిరిగిన వర్మ్ గేర్ల ఒరిపిడి వల్ల ఒక వైపు పట్టు తగ్గబోతుండగానే రెండో వైపుకు బలం మళ్ళుతుంది; చక్రం జారిన తరువాత కాదు, జారక ముందే. జిగట ద్రవం మీద ఆధారపడిన విస్కస్ కప్లింగ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం: సిలికోన్ ద్రవంలో మునిగిన రంధ్రాల పళ్ళాలు రెండు వైపులా వేరు వేగాలతో తిరిగి, ద్రవం వేడెక్కిన తరువాత గానీ అది బిగుసుకోదు. 2020లో వచ్చిన మహీంద్రా థార్ వెనుక ఇరుసులో అమర్చిన యాంత్రిక లాక్ రెండు చక్రాల వేగభేదం ఒక స్థాయి దాటగానే చిన్న భ్రమణ బరువులు విచ్చుకోవడం వల్ల దానంతట అదే బిగుస్తుంది. మారుతి జిమ్నీలో సుజుకి బ్రేక్ ఎల్‌ఎస్‌డీ అని పిలిచే పద్ధతిలో అసలు డిఫరెన్షియల్ మారదు. కంప్యూటరు జారుతున్న చక్రాన్ని కనిపెట్టి దానికి మాత్రమే బ్రేకు వేస్తుంది, ఆ నిరోధం వల్ల రెండో చక్రానికి కూడా బలం పెరుగుతుంది.

తప్పు జరగక ముందే స్వభావంలోనే అదుపు ఉండటం శీలం. తప్పు జరిగి దాని వేడి అనుభవంలోకి వచ్చాక సర్దుకోవడం ప్రాయశ్చిత్తం. పైనుంచి ఒకరు చూసి తప్పు చేసినవాణ్ణి ఆపడం దండం. టోర్సెన్, విస్కస్ కప్లింగ్, బ్రేకు పద్ధతి వరుసగా ఈ మూడింటికీ దగ్గరగా కనిపిస్తాయి. దండనీతిని ధర్మశాస్త్రకారులు రాజ్యానికి మూలాధారంగా ఎంచినట్టే నేటి తయారీదారులు బ్రేకు పద్ధతినే ఎక్కువగా ఎంచుకుంటున్నారు. కారణం తాత్త్వికం కాదు, ఖర్చు తక్కువ కావడం: బ్రేకులూ వేగాన్ని కొలిచే సెన్సర్లూ ఏబీఎస్ కోసం ముందే బండిలో ఉంటాయి. కానీ దండనకు ఒక ధర ఉంది. జారే చక్రాన్ని ఆపడానికి ఖర్చయ్యే శక్తి బ్రేకు డిస్కులో వేడిగా పోతుంది, ఎక్కువసేపు సాగితే వ్యవస్థ తన్ను తాను కాపాడుకోవడానికి పని ఆపేస్తుంది. శిక్ష మీదే నడిచే వ్యవస్థ అలసిపోతుందన్న సంగతి రాజనీతి గ్రంథాలకు కొత్త కాదు గానీ, దాన్ని ఉష్ణోగ్రతలో కొలిచి చూపేది మాత్రం ఈ యంత్రమే.

ఇంతవరకూ వచ్చాక ఒక అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని తేలికగా దాటెయ్యడం న్యాయం కాదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ చేసేదేమిటి? పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ బలం ఇస్తుంది, పట్టు లేనిదానికి తక్కువ ఇస్తుంది. ఉన్నవాడికే ఇంకా ఇవ్వడం, లేనివాడిని అలాగే ఉంచడం కాదా ఇది? జాన్ రాల్స్ 1971లో ప్రకటించిన న్యాయ సిద్ధాంతంలో అసమానతకు ఒక షరతు పెట్టారు: అందరికన్నా అడుగున ఉన్నవారికి కూడా అది మేలు చేసేదైతేనే అసమానత అంగీకరించదగినది. గట్టి నేల మీది చక్రం అదనపు బలంతో బండిని కదిలించినప్పుడు బురదలోని చక్రం కూడా బురద నుంచి బయటికి వస్తుంది. ఆ రకంగా ఈ యంత్రం రాల్స్ పెట్టిన పరీక్షలో నెగ్గుతుంది. కానీ నెగ్గడానికి అసలు కారణం ఇంకా లోతులో ఉంది.

రెండు చక్రాలూ ఒకే కర్మాగారంలో ఒకే అచ్చున తయారైనవి, ఒకే టైరు, ఒకే గాలి. ఒకటి బలమైనది, ఇంకొకటి బలహీనమైనది అనడానికి వాటిలో ఏ ఆధారమూ లేదు. తేడా మొత్తం వాటి కింద ఉన్న నేలది. ఆంధ్రదేశంలో శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో విస్తారంగా వాదించినదల్లా వస్తువులకు స్వభావం, అంటే ఇతరుల మీద ఆధారపడకుండా తనంతట తానుగా ఉండే తత్త్వం, లేదనే. చక్రం విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. గాలిలోకి లేచిన చక్రానికి ఇంజను ఎంత శక్తినైనా పంపనీ, దాని మీద తిప్పుబలం దాదాపు శూన్యమే. ఎదురు నెట్టే నేల లేనిదే బలమనేది ఏర్పడదు. బలం చక్రంలో లేదు, నేలలో లేదు, ఇంజనులో కూడా ఒంటరిగా లేదు. మూడూ కలిసిన చోట మాత్రమే అది పుడుతుంది. దీనినే బౌద్ధ పరిభాషలో ప్రతీత్యసముత్పాదం అంటారు, అంటే కారణాల కలయిక మీద ఆధారపడి పుట్టడం. మిలింద రాజుకు నాగసేనుడు రథాన్ని చూపి ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడిగి ఏదీ కాదనిపించిన ప్రసిద్ధ సంవాదం వ్యక్తి అనే భావాన్ని విడగొట్టింది. డిఫరెన్షియల్ అదే పనిని శక్తి అనే భావానికి చేస్తుంది. దుఃఖమనే పదంలోని ఖ అనే అక్షరానికి ఇరుసు పట్టే రంధ్రమని వైదిక భాషలో అర్థం ఉన్నందున, ఇరుసు సరిగా కుదరని చక్రం పడే అవస్థే దుఃఖమని కొందరు పండితులు వ్యుత్పత్తి చెబుతారు, మరికొందరు దీన్ని ఒప్పుకోరు. వ్యుత్పత్తి నిలిచినా నిలవకపోయినా, బాధ వస్తువులో కాక కుదురుబాటులో ఉంటుందన్న సూచన మాత్రం ఇక్కడికి సరిపోతుంది.

తేడా చక్రానిది కాదు, నేలది అన్న ఈ ఒక్క విషయం వల్లే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ చూపే పక్షపాతం న్యాయమనిపించుకుంటుంది. అది కుడి చక్రానికి వకాల్తా పుచ్చుకోదు, ఎడమ చక్రానికీ పుచ్చుకోదు. పది గజాల తరువాత బురద రెండో వైపుకు మారితే అదే యంత్రం అంతే తేలికగా పంపకాన్ని తిరగేస్తుంది. దానికి జ్ఞాపకం లేదు, వంశం తెలియదు. భగవద్గీత అయిదో అధ్యాయంలో విద్యావినయాలున్న బ్రాహ్మణుడినీ, ఆవునూ, ఏనుగునూ, కుక్కనూ, కుక్క మాంసం వండుకునేవాడినీ జ్ఞాని సమంగా చూస్తాడన్న ప్రస్తావన ఉంది; దానికి వ్యాఖ్యానం చేసిన సంప్రదాయంలో సమంగా చూడటం వేరు, సమంగా వ్యవహరించడం వేరు అన్న విభజన బలంగా స్థిరపడింది. చూపులో సమత్వం, నడవడిలో భేదం అన్న ఆ విభజన తర్కంగా తప్పు కాదు, డిఫరెన్షియల్ పాటించేది కూడా అదే. కానీ ఆ భేదం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న అడగకుండా దాన్ని పుట్టుకకు అంటగట్టినప్పుడు అది సమదర్శనానికి వ్యాఖ్యానంగా కాక దాని నుంచి తప్పించుకునే దారిగా మారింది. చక్రాన్ని బట్టి పంపకం, నేలను బట్టి పంపకం అన్న రెండింటినీ కలిపేసిన పొరపాటు అది, చరిత్రలో దాని మూల్యం చాలా పెద్దది.

ఉపమానం ఎక్కడ విరిగిపోతుందో కూడా ఇక్కడే కనిపిస్తుంది. యంత్రంలో బురద ఒకసారి ఈ చక్రం కిందా ఇంకోసారి ఆ చక్రం కిందా వస్తుంది. సమాజంలో తరతరాలుగా ఒకే చక్రం కింద అదే బురద ఉండవచ్చు. అప్పుడు పట్టు ఉన్నవాడికి ఎక్కువ అన్న నియమం తాత్కాలిక సర్దుబాటు కాదు, శాశ్వతమైన ఏర్పాటు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేద్కర్ రాజకీయాలలో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అన్న వైరుధ్యంలోకి దేశం అడుగుపెడుతోందని హెచ్చరించినది ఈ స్థితిని గురించే. తెలుగు జిల్లాలు కూడా భాగంగా ఉన్న ఆనాటి మద్రాసు రాష్ట్రం కళాశాలల సీట్లను సమూహాల వారీగా కేటాయించిన ఉత్తర్వును చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951లో కొట్టివేయగా, అదే సంవత్సరం మొదటి రాజ్యాంగ సవరణ 15వ అధికరణంలో నాలుగో క్లాజును చేర్చి వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పించింది. అక్కడ జరిగినది పట్టు ఉన్న చోటికి బలం మళ్ళించడం కాదు, నేలనే మార్చడానికి పూనుకోవడం. దిగబడిన బండి చక్రం కింద రాళ్ళూ కొమ్మలూ వేసే పల్లెటూరి మనిషి డిఫరెన్షియల్ చేయలేని ఈ పనినే చేస్తాడు.

నేల పూర్తిగా లేనప్పుడు ఏమవుతుందన్నది కూడా చూడాలి. టోర్సెన్ వంటి యంత్రాలు రెండో చక్రానికి ఎంత బలం పంపగలవన్నది జారే చక్రం తీసుకోగలిగిన దానికి ఒక నిష్పత్తిలో ఉంటుంది. ఆ నిష్పత్తి మూడు అనుకుంటే, బురదలోని చక్రం 50 తీసుకుంటే గట్టి నేల మీది చక్రానికి 150 వెళుతుంది. తెరిచిన డిఫరెన్షియల్ ఇచ్చిన 100 స్థానంలో మొత్తం 200 దక్కుతుంది. గుంట దాటేటప్పుడు ఒక చక్రం గాలిలోకి లేస్తే మాత్రం అది తీసుకునేది సున్నా. సున్నాను మూడుతో హెచ్చించినా సున్నాయే, గట్టి నేల మీది చక్రానికి ఏమీ రాదు. ఎవరికెంత ఉందో దాన్ని బట్టి సాయం పెంచే ఏ పద్ధతికైనా ఏమీ లేనివాడి దగ్గర ఈ లెక్కే ఎదురవుతుంది. క్లచ్ ప్లేట్ల రకంలో స్ప్రింగులు ముందుగానే పెట్టిన ఒత్తిడి ఇందుకే విలువైనది; అది ఎవరి పట్టునూ అడగకుండా కొంత బలాన్ని ఉంచుతుంది. ముందు, వెనుక ఇరుసులలో టోర్సెన్ ఉన్న అమెరికా సైన్యపు హంవీ డ్రైవర్లకు మరో ఉపాయం నేర్పేవారు: చక్రం గాలిలో తిరుగుతున్నప్పుడు యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకును మెల్లగా నొక్కితే, ఆ కృత్రిమ నిరోధం సున్నాను కొద్దిపాటి అంకెగా మారుస్తుంది, హెచ్చవేతకు ఆధారం దొరుకుతుంది, బండి కదులుతుంది. ముందుకు పోవడానికి బ్రేకు వేయడం అనే ఈ విరుద్ధమైన పని, నిరోధం లేనిదే బలం లేదన్న నాగార్జునుడి తర్కానికి చాలా దగ్గరి బంధువు.

అరిస్టాటిల్ నికొమాకియన్ నీతిశాస్త్రంలో నియమానికీ, సందర్భాన్ని బట్టి నియమాన్ని సడలించే సమబుద్ధికీ తేడా చెబుతూ లెస్బోస్ ద్వీపపు తాపీ పనివారి సీసపు కొలబద్దను ఉదహరించారు. రాయి వంకరను బట్టి వంగి కొలిచే బద్ద అది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను ఆ బద్దతో పోల్చడం సబబే గానీ, ఒక అదనపు సంగతిని అరిస్టాటిల్ ప్రస్తావించలేదు: వంగే బద్ద అరుగుతుంది కూడా. క్లచ్ ప్లేట్ల రకంలో ప్రతి మలుపులోనూ పళ్ళాలు కొద్దికొద్దిగా ఒరుసుకుంటాయి. వాటి కోసం ప్రత్యేకంగా ఒరిపిడిని సరిచేసే పదార్థం కలిపిన గేర్ నూనె పోయాలి, లేకపోతే మలుపులలో గరగరమన్న శబ్దం వస్తుంది. వేలాది కిలోమీటర్ల తరువాత పళ్ళాలు పలచబడి, స్ప్రింగుల ఒత్తిడి తగ్గి, ఆ డిఫరెన్షియల్ ఏ సూచనా ఇవ్వకుండా మామూలు తెరిచిన డిఫరెన్షియల్‌గా మారిపోతుంది. పొడి రోడ్డు మీద ఆ మార్పు ఎవరికీ తెలియదు, శబ్దం తగ్గినందుకు యజమాని సంతోషించవచ్చు కూడా. అందుకే అనుభవమున్న మెకానిక్కులు గేరును న్యూట్రల్‌లో పెట్టి, ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపి, రెండోదాన్ని నేల మీదే ఉంచి, లేచిన చక్రాన్ని టార్క్ రెంచ్‌తో తిప్పి చూస్తారు; చక్రం కదలడానికి ఎంత బలం పట్టిందో ఆ అంకెను కొత్త బండికి తయారీదారు ఇచ్చిన అంకెతో పోల్చి పళ్ళాలు మార్చాలా వద్దా అన్నది తేలుస్తారు.